అరువిచ్చిన రంపం బంక పట్టి తిరిగొస్తే: వేడినీళ్లా, కిరసనాయిలా, ఆకురాయా?

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇక్కడ ఎరువంటే డీఏపీ కాదు, అడిగి తెచ్చుకున్న వస్తువు. ఆ సామెత తెచ్చుకున్నవాడికి జాగ్రత్త చెప్పింది గానీ ఇచ్చినవాడి గతి ఏమిటో చెప్పలేదు. మా పక్క తోట బావ "రెండు కొబ్బరిచెట్లు, ఒక పనస, ఒక్క పూట పని బావా" అని పట్టుకెళ్లిన చైన్ రంపం నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చింది. చైన్ నల్లగా మాడినట్టుంది, పళ్ల సందుల్లో గోధుమరంగు బంక గడ్డకట్టింది, స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) మూత విప్పితే లోపల కొబ్బరి పీచు పిచ్చుకగూడులా ఉంది, బార్ (చైన్‌ని మోసే పొడవాటి ఇనప పట్టీ) గాడి నిండా ఇసుక. "కొంచెం మొద్దుబారినట్టుంది, చూసుకో" అనేసి టీ తాగి వెళ్లిపోయాడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. కొబ్బరి, జీడి, పనస, మామిడి, కింద ఇసుక నేల. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలకి తోటలే పడుకోబెట్టినప్పుడు మా వీధిలో రంపం మిషన్ ఉన్న ఇల్లు మాదొక్కటే, అప్పటినుంచి అది ఎన్ని చేతులు మారిందో, ఎన్ని రకాల మురికితో తిరిగొచ్చిందో లెక్కలేదు. ఒక్కోసారి ఒక్కొక్కరు ఒక్కో సలహా ఇచ్చారు: పెట్రోల్లో ముంచెయ్, డీజిల్లో నానబెట్టు, బట్టల సోడా వెయ్, బండి వాటర్ వాష్ చేసేచోట కొట్టించెయ్, ఇవన్నీ ఎందుకు కొత్త చైన్ కొనెయ్. దాదాపు అన్నీ చేసి చూశాను, ఒకటి రెండు చేసి నాలుక్కరుచుకున్నాను కూడా. వాటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎప్పుడూ వద్దో రాస్తున్నాను.

ముందు ఒక మాట. "దేంతో కడగాలి" అని అడిగే ముందు "ఏం పట్టింది" అని చూడాలి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, వంటింట్లో తెలిసిన సంగతే. పనసకాయ కోసేటప్పుడు చేతికీ కత్తికీ కొబ్బరినూనె ఎందుకు రాసుకుంటాం? పనస పాలు నీళ్లకి వదలవు, నూనెకి లొంగుతాయి. అదే జీడిచెట్టు మొదట్లోనో వేపచెట్టు మీదో కారి గట్టిపడే బంక ఉంటుంది చూడండి, దాని తీరు దీనికి పూర్తిగా ఎదురు. నీళ్లలో వేసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఉబ్బి మెత్తబడుతుంది, కిరసనాయిల్లో వారం ఉంచినా గులకరాయిలా అలాగే కూర్చుంటుంది. తుమ్మ బంకా అంతే, వెనకటికి దాన్ని నీళ్లలో కలిపే కదా కాగితాలు అతికించేవారు. అంటే వేపచెట్టు కోసి తెచ్చిన చైన్‌ని డీజిల్లో నానబెట్టి "పోవట్లేదేంటి" అని తిట్టుకుంటే తప్పు డీజిల్‌ది కాదు. నేను రెండేళ్లు ఇదే తప్పు చేశాను.

మామిడి సొన మధ్యరకం. అందులో నూనెలాంటి భాగమూ ఉంది, నీళ్లకి వదిలే బంక భాగమూ ఉంది, కాబట్టి రెండు రకాల కడుగుడూ కావాలి. పైగా చర్మానికి తగిలితే పుండవుతుంది, గ్లవ్స్ లేకుండా పచ్చి మామిడి కోసిన చైన్‌ని ముట్టుకోకండి. సరుగుడు కోస్తే చైన్ నల్లబడుతుంది. అది బెరడులోని వగరుకి ఇనుము తగిలి వచ్చే రంగు, చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ కోతకి అడ్డం రాదు, దాన్ని తోమి తెల్లగా చెయ్యాలని చూడటం వృథా శ్రమ. ఇక ఇసుక. ఇసుకని ఏ నూనే కరిగించదు, ఏ నీళ్లూ కరిగించవు, దాన్ని దులపాలి, ఊదాలి, అంతే.

ఇంకో రకం ఉంది, అరువు తీసుకెళ్లినవాళ్లు తయారుచేసేది. బార్ ఆయిల్, అంటే కోసేటప్పుడు చైన్‌కి అందే నూనె, అయిపోతే ఇంట్లో ఉన్న వంటనూనె పోస్తారు. పని అయ్యేదాకా బాగానే నడుస్తుంది, తర్వాత నాలుగు వారాలు రంపం మూల పడేస్తే ఆ నూనె గాలికి ఎండి వార్నిష్‌లా పొర కట్టేస్తుంది. చైన్ లింకులు బిగుసుకుపోయి చేత్తో వంచినా వంగవు. ఇలాంటిదానికి కిరసనాయిలు కంటే వేడి సోడా నీళ్లు బాగా పనిచేస్తాయి, నూనె జిడ్డుని సబ్బులా మార్చి వదిలిస్తాయి కాబట్టి.

ఏం పట్టిందో తెలియకపోతే? చైన్ మీద గడ్డని చిన్న మేకుతో గీకి ఒక ముక్క గోరువెచ్చని నీళ్ల గ్లాసులో వెయ్యండి. పావుగంటలో ఉబ్బి జారుడుగా అయితే వేడినీళ్ల దారి. అలాగే గట్టిగా ఉంటే నూనె దారి. తీసుకెళ్లినవాణ్ణి "ఏ చెట్టు కోశావు" అని అడగొచ్చు కదా అంటారేమో, అడగండి, కానీ "ఏదో నాలుగు కొమ్మలు" అనే జవాబు వస్తుంది.

విప్పే ముందు మిషన్ చల్లారిందా చూసుకుని స్పార్క్ ప్లగ్ మూత లాగెయ్యండి, చైన్ బ్రేక్ (ముందు పిడి దగ్గర అడ్డంగా ఉండే మీట) వెనక్కి లాగి మూత నట్లు విప్పండి, చేతికి తోలు గ్లవ్స్ వేసుకోండి. మొద్దు చైన్ అయినా చెయ్యి కోసేంత పదును దానికి ఎప్పుడూ ఉంటుంది. విప్పకముందే ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. ఎందుకంటే బార్ పైభాగంలో పళ్ల కొన ముందుకి, అంటే ముక్కు వైపుకి చూడాలి. ఒకసారి మా రంపం వెళ్లిన ఊళ్లో చైన్ ఊడిపోతే ఎవరో తిరగేసి ఎక్కించారు. కోయదు, పొగ వస్తుంది, చెక్క కాలిన వాసన. అక్కడ నలుగురూ కలిసి అది మొద్దుబారిందని తేల్చి పంపారు. నేనూ కడిగేసి సానపట్టడానికి కూర్చున్నాక గానీ గమనించలేదు. తిప్పి వేస్తే వెన్నలా కోసింది.

ఇక ఒక్కోటీ చూద్దాం.

పొడిగా దులపడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది, అందరూ వదిలేసేది. మురికి తడిపితే ఇసుకా రంపపు పొట్టూ కలిసి ముద్దయి రివెట్ల (లింకులని కలిపే పిన్నుల) సందుల్లోకి దిగిపోతుంది, అందుకే నీళ్లో నూనో పొయ్యకముందే వీలైనంత పొడిగా రాల్చెయ్యాలి. పాత టూత్‌బ్రష్ సరిపోతుంది, ఇత్తడి తీగల బ్రష్ అయితే ఇంకా మేలు. స్టీలు తీగల బ్రష్ వాడితే పళ్ల అంచుకి ఎదురు రుద్దకండి. పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే రెండు నిమిషాల్లో సగం పని అయిపోతుంది, కళ్లకి అద్దాలు పెట్టుకుని, చైన్‌ని గోనెసంచిలో పట్టుకుని కొట్టించండి, లేకపోతే పీచూ ఇసుకా మొహాన పడతాయి. కొబ్బరి మాత్రమే కోసిన చైన్‌కి చాలాసార్లు ఈ ఒక్కటే చాలు. కొబ్బరికి బంక ఉండదు, పీచే దాని గొడవ.

వేడినీళ్లు, బట్టల సోడా: జీడి, వేప, తుమ్మ కోసిన చైన్‌కీ, వంటనూనె ఎండిన చైన్‌కీ నా ఓటు దీనికే. లీటరు వేడినీళ్లకి రెండు చెంచాల సోడా, కొంచెం గిన్నెల సబ్బు, అరగంట నానబెట్టి బ్రష్‌తో తోమితే చాలు, మొండిగా ఉంటే ఇంకోసారి. రెండు జాగ్రత్తలు. సిల్వర్ గిన్నెలో కలపకండి, సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, గిన్నె నల్లబడిపోయాక ఇంట్లో మీకు జరిగే మర్యాదకి నాది పూచీ కాదు. స్టీలు గిన్నో ప్లాస్టిక్ బకెట్టో తీసుకోండి. అదే కారణంగా మిషన్ మూతల్లాంటి అల్యూమినియం భాగాలు ఇందులో వెయ్యకండి, చైన్ ఒక్కటే. రెండోది తుప్పు. మా వైపు సముద్రపు గాలి, తడి చైన్‌ని రాత్రి వదిలేస్తే పొద్దున్నకి ఎర్రపొడి. మంచినీళ్లతో జాడించి, గుడ్డతో తుడిచి, మండుటెండలో రేకు మీద గంటసేపు ఆరబెట్టి, వేడి మీదుండగానే బార్ ఆయిల్లో ముంచాలి. ఈ చివరి పని చేసే ఓపిక లేకపోతే సోడా దారి పట్టకండి, కిరసనాయిలే మేలు.

బట్టల సోడా అంటే కాస్టిక్ సోడా కాదు. దుకాణంలో "సోడా" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు, అడిగి తీసుకోండి. కాస్టిక్ చేతులు కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోతుంది, అల్యూమినియం తగిలితే నురగలు కక్కి మండే గ్యాస్ వదులుతుంది. బాత్రూమ్ యాసిడ్ సంగతీ అంతే. తుప్పు పోతుందని ఎవరో చెబితే వేసేవాళ్లని చూశాను. చైన్ పళ్ల మీద గట్టి క్రోమ్ పూత ఉంటుంది, యాసిడ్ దాన్ని తినేస్తుంది, గట్టిపరిచిన ఉక్కుని పెళుసుగా చేస్తుంది కూడా. పెళుసు చైన్ నిమిషానికి వేలసార్లు తిరిగే మిషన్ మీద తెగితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

కిరసనాయిలు, డీజిల్: పనస పాలు, మామిడి సొనలో జిడ్డు భాగం, పాత బార్ ఆయిల్‌లో కలిసి గట్టిపడ్డ పొట్టు, వీటికి ఇవే. రెండిట్లో ఏది అంటే, శుభ్రం చెయ్యడంలో కిరసనాయిలు కొంచెం చురుకు, త్వరగా ఆరిపోతుంది. కానీ రేషన్‌లో నీలం కిరసనాయిలు క్యాన్లతో తెచ్చుకున్న రోజులు పోయాయి, ఇప్పుడు దొరకడమే గొప్ప. డీజిల్ పంపుసెట్టు ఉన్న ప్రతి ఇంట్లో ఉంటుంది, నిదానంగా పనిచేస్తుంది, పలుచటి నూనె పొర వదులుతుంది కాబట్టి తుప్పు భయం తక్కువ. వాసన మాత్రం రెండు రోజులు చేతికి వదలదు. గంట నానబెట్టి, బ్రష్ చేసి, గుడ్డతో తుడిస్తే సరి. రాత్రంతా నానబెట్టాల్సిన పని నాకెప్పుడూ పడలేదు, లింకులు బిగుసుకుపోయినప్పుడు తప్ప. వాడిన డీజిల్ పారబొయ్యకండి, డబ్బాలో ఉంచితే ఇసుక అడుక్కి దిగుతుంది, పైన తేట తీసుకుని మళ్లీ వాడుకోవచ్చు. నూతి దగ్గరో చెట్టు మొదట్లోనో పొయ్యడం మరీ పాపం. ఒకటి గుర్తుంచుకోండి, కిరసనాయిలైనా డీజిలైనా మురికితోపాటు రివెట్లలో ఉన్న నూనెని కూడా కడిగేస్తాయి. "నూనెలోనే కదా ముంచాం" అని అలాగే ఎక్కించి నడిపితే పొడి చైన్ నడిపినట్టే.

పెట్రోల్ వద్దు. చేతికందేది అదే కాబట్టి అందరూ ముందు దానిమీదే పడతారు, మిషన్ ట్యాంకులోంచే వంపేస్తారు. శుభ్రం చేస్తుందా అంటే చేస్తుంది. కానీ కిరసనాయిలు మండాలంటే కొంత వేడెక్కాలి, పెట్రోల్‌కి అదేమీ అక్కర్లేదు, సున్నా డిగ్రీల కంటే ఎంతో చలిలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది, మన ఎండాకాలంలో పళ్లెంలో పోసిపెడితే చెప్పేదేముంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతూ పోతుంది. వెనక వసారాలో చైన్ కడుగుతుంటే వంటింట్లో పొయ్యి దగ్గరకి వెళ్తుంది. డీజిల్ చెయ్యలేని పని అది చేసేదేమీ లేదు, ఆ ప్రమాదం దేనికి?

స్ప్రే డబ్బాలు. డబ్ల్యూడీ-40 లాంటివి ఒక గడ్డ మీద, ఒక బిగుసుకున్న లింకు మీద కొట్టడానికి బాగుంటాయి, చైన్ మొత్తానికి అయితే డబ్బా ఖాళీ అయిపోతుంది. అది బార్ ఆయిల్‌కి బదులు కూడా కాదు, తిరిగే చైన్ మీద నిమిషం నిలవదు. బైక్ షాపుల్లో దొరికే బ్రేక్ క్లీనర్ ఎండిపోయేలా శుభ్రం చేస్తుంది గానీ ఖరీదు, ప్లాస్టిక్కీ రబ్బరుకీ మంచిది కాదు. రంపాల కంపెనీలు అమ్మే బంక వదిలించే ద్రావణాలు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, రోజూ కోత పని చేసేవాళ్లకి సమయం కలిసొస్తుంది కాబట్టి గిట్టుబాటు అవ్వచ్చు. ఏడాదికి నాలుగుసార్లు కడిగే మనకి సోడా పొట్లం, సీసాడు డీజిల్ చాలు.

వాటర్ వాష్ గన్ గురించి ఒక్కమాట: చైన్ విప్పి విడిగా కొట్టిస్తే పర్లేదు, వెంటనే ఆరబెట్టి నూనె పెట్టగలిగితే. మిషన్ మొత్తం అక్కడ పెట్టి కొట్టించేశారనుకోండి, ఫిల్టర్‌లోకీ కార్బురేటర్‌లోకీ నీళ్లు వెళ్లి తాడు లాగీ లాగీ భుజం పోతుంది. ఆ తాడు లాగిన భుజం నాదే.

మరి బావ తెచ్చిన చైన్‌కి ఏం చేశాను? కొబ్బరి పీచు, పనస పాలు, ఇసుక, మూడూ కలిసిన సరుకు. పొడిగా దులిపాను, పంక్చర్ షాపు గాలి, గంట డీజిల్, ఇత్తడి బ్రష్, మళ్లీ దులుపుడు. తర్వాత జిడ్డు పోవడానికి వేడి సోడా నీళ్లలో పది నిమిషాలు, ఎండ, ఆపైన రాత్రంతా బార్ ఆయిల్లో. పొద్దున మేకుకి వేలాడదీస్తే అదనపు నూనె కారిపోయింది. మెరిసిపోతోంది. ఎక్కించి ఒక మొద్దు మీద పెట్టాను. పొడి రాలింది. అంత కడిగినా అది కోయలేదు.

కడుగుడు గురించి ఇంత రాశాక చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది గానీ అసలు సంగతి ఇదే. బంక పట్టిన పదునైన చైన్ కాస్త వేడెక్కినా కోస్తుంది, తళతళలాడే మొద్దు చైన్ కోయదు. అరువు వెళ్లొచ్చిన రంపం కోయకపోతే పదిసార్లలో ఎనిమిదిసార్లు కారణం నేల తగలడమే. పడిపోయిన కొబ్బరి మొద్దుని కింద దుంగ పెట్టకుండా కోస్తారు, చివర్లో రంపం కొస ఇసుకలోకి దిగుతుంది, ఒక్క క్షణం చాలు. దానికితోడు ముదురు కొబ్బరి మాను బయటి పొర అసలే గట్టి, దానిలోనే సన్నని ఇసుకలాంటి సిలికా ఉంటుంది, మామిడికంటే త్వరగా పదును పోగొడుతుంది.

ఎలా తెలుస్తుంది? పదును ఉంటే రంపం నుంచి పెద్ద పెద్ద పొట్టు ముక్కలు ఎగురుతాయి, మొద్దుదైతే పిండిలాంటి పొడి రాలుతుంది, మీరు బలంగా నొక్కాల్సి వస్తుంది. పంటిని వెలుగులో పెట్టి చూడండి, అంచు దగ్గర సన్నని తెల్లని గీత మెరుస్తుంటే ఆ అంచు గుండ్రబడింది. పదునైన అంచు మెరవదు.

అలాంటప్పుడు మూడు దార్లు: చేత్తో ఆకురాయి, షాపులో గ్రైండర్, కొత్త చైన్. నేను తొంభై శాతం ఆకురాయి మనిషిని. గుండ్రటి ఆకురాయి ఖర్చు కొత్త చైన్ ఖర్చుతో పోలిస్తే లెక్కలోది కాదు, ఒక్కటి కొంటే చాలాసార్లు సానపట్టొచ్చు. కానీ సైజు తప్పకూడదు. చైన్ పిచ్‌ని, అంటే అంగుళాల్లో చెప్పే లింకుల దూరాన్ని, బట్టి ఉంటుంది: చిన్న మిషన్ల మీద వచ్చే 3/8 లో-ప్రొఫైల్ చైన్‌కి 4 మి.మీ., 0.325 కి 4.8 మి.మీ., పెద్ద 3/8 కి కంపెనీని బట్టి 5.2 లేదా 5.5 మి.మీ. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 58 సీసీ, 22 అంగుళాల బార్ మిషన్లలో చాలావాటికి 0.325 ఉంటుంది, అయినా బార్ మీదో చైన్ డబ్బా మీదో అంకె చూసే కొనండి. పంటి మీద గీత ఉంటుంది, ఎక్కువ చైన్లకి 30 డిగ్రీలు, ఆ గీతకి సమాంతరంగా లోపలి నుంచి బయటికి నెట్టాలి, వెనక్కి లాగేటప్పుడు ఆనించకూడదు. ప్రతి పంటికీ ఒకే లెక్క. కుడి పళ్లకి ఐదు, ఎడమ పళ్లకి మూడు అంటే రంపం వంకరగా కోసుకుపోతుంది.

కడుగుడు ఇక్కడ అక్కరకొస్తుంది: బంక ఉన్న పంటి మీద ఆకురాయి పెడితే ఆకురాయి గాట్లు పూడుకుపోయి జారుతుంది, ఇసుక ఉంటే ఆకురాయే అరిగిపోతుంది. కాబట్టి ముందు కడగాలి, తర్వాత సాన. బావ తెచ్చినదానికి ఒక్కో పంటికి ఎనిమిది తొమ్మిది నెట్లు పట్టింది, మామూలుగా మూడు నాలుగుతో అయిపోతుంది. పంటి ముందు చిన్న బొడిపె ఉంటుంది కదా, ఎంత లోతు కొరకాలో అదే చెబుతుంది, మూడు నాలుగు సానలకోసారి దాన్నీ చదునైన ఆకురాయితో తగ్గించాలి, పంటి కంటే 0.65 మి.మీ. కిందికి ఉండేలా. దీనికి గేజ్ రేకు అమ్ముతారు, కంటి అంచనాతో చెయ్యకండి. ఎక్కువ తగ్గిస్తే రంపం ఎగిరి తన్నుతుంది.

(చిన్న పక్కదారి. ఈ చైన్ పన్ను ఆకారం ఒక పురుగు నుంచి వచ్చింది. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే కలప కోసే ఆయన, కట్టెని అడ్డంగా నిలువుగా తేడా లేకుండా తొలుచుకుపోతున్న ఒక పెంకుపురుగు లార్వాని చూసి, దాని కుడి ఎడమ దవడల్లా పళ్లు చేశాడు. మరుసటి ఏడాది పెట్టిన ఆయన కంపెనీయే తర్వాత ఓరెగాన్ చైన్ పేరుతో మనదాకా వచ్చింది. మా తోటలో కొమ్ము పురుగు కొబ్బరి మొవ్వులు తొలిచేస్తున్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.)

గ్రైండర్ ఎప్పుడంటే, మేకో రాయో తగిలి పళ్లు చిట్లిపోయి ఒక్కోటి ఒక్కో పొడవు అయినప్పుడు. చేత్తో అన్నీ సమానం చెయ్యడం రోజంతా పని, మిషన్ పావుగంటలో చేస్తుంది. నష్టం ఏమిటంటే లోహం ఎక్కువ పోతుంది, తొందరలో ఒకేచోట ఆనిస్తే పన్ను నీలంగా కాలుతుంది, నీలంగా మారిన చోట గట్టిదనం చచ్చిపోయినట్టే, ఇక ఎంత సానపట్టినా పదును నిలవదు. సానపట్టి ఇచ్చాక పళ్ల రంగు చూసే డబ్బులివ్వండి.

కొత్త చైన్ కొనాల్సింది పంటి పైభాగం పొడవు 3–4 మి.మీ.కి వచ్చేసినా, పంటి మీద అరుగుదల గీత ఉండి అక్కడిదాకా అరిగినా, ఎక్కడైనా లింకు పగిలినా, రివెట్లు లొడలొడలాడినా, రాత్రంతా డీజిల్లో ఉంచినా లింకు బిగుసుకునే ఉన్నా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కడగడానికి కూర్చోకండి, ఆ సోడా కూడా దండగే. కొనేటప్పుడు పిచ్, గేజ్ (బార్ గాడిలో దిగే లింకు మందం), లింకుల లెక్క మూడూ రాసుకెళ్లండి. "22 అంగుళాల చైన్ ఇవ్వండి" అంటే సరిపోదు, ఆ మాట మీద తెచ్చి బార్ గాడిలో పట్టక మళ్లీ సోంపేట దాకా వెళ్లొచ్చినవాడిని నేను.

చైన్ శుభ్రం చేసి మురికి బార్ మీద ఎక్కించడం స్నానం చేసి విడిచిన బట్టలే కట్టుకున్నట్టు. గాడిలో ఇసుకని గడువు తీరిన ఏటీఎం కార్డుతో గీకండి, సరిగ్గా పడుతుంది. నూనె వచ్చే చిన్న రంధ్రం పొట్టుతో మూసుకుని ఉంటుంది, సైకిల్ పుల్లతో తియ్యండి. చైన్ మాడినట్టు నల్లగా వచ్చిందంటే సగంసార్లు కారణం ఈ రంధ్రమే, నూనె అందక రాపిడికి కాలిపోవడం. బార్ అంచులు నీలంగా ఉన్నాయా, ఒక పక్క అరిగి వాలిందా చూడండి, ఎక్కించేటప్పుడు బార్‌ని కిందా మీదా తిరగెయ్యండి, రెండు వైపులా సమానంగా అరుగుతుంది.

బిగువు: చైన్ బార్ కింది అంచుకి ఆనుకుని ఉండాలి, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. వేడి మీద సాగిందని బిగించి, అలాగే వదిలేస్తే చల్లారాక కుంచించుకుని బార్‌నీ బేరింగునీ పట్టేస్తుంది, పని అయ్యాక వదులు చెయ్యండి. ఆఖరికి మిషన్ స్టార్ట్ చేసి, కొస ఏదైనా అట్టముక్కకి ఎదురుగా జానెడు దూరంలో పట్టుకుని ఎక్సలేటర్ ఇస్తే అట్ట మీద సన్నటి నూనె గీత పడాలి. పడలేదంటే కోత మొదలుపెట్టకండి.

నూనెల్లో ఏది అంటే, బార్ ఆయిల్ అని అమ్మేది జిగటగా ఉంటుంది, చైన్ మీంచి చిమ్మకుండా పట్టుకుంటుంది, అదే మంచిది. దొరక్కపోతే కొత్త 20W-40 ఇంజన్ ఆయిల్ నడుస్తుంది, కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. ట్రాక్టర్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ మాత్రం పొయ్యకండి, అందులో లోహపు పొడి ఉంటుంది, పంపుని తినేస్తుంది, పైగా కోస్తున్నంతసేపూ అది మీ బట్టల మీదా ఊపిరిలోకీ చిమ్ముతుంది, ఒంటికి అసలు మంచిది కాదు. వంటనూనె సంగతి పైన చెప్పాను, పొయ్యక తప్పకపోతే ఆ సాయంత్రమే కడిగెయ్యండి.

ఇంకా రంపం తిరిగొచ్చాక ట్యాంకులో ఉన్న పెట్రోల్ పారబోసి మీరు కలిపినదే పొయ్యండి, అవతలివాడు టూటీ ఆయిల్ (పెట్రోల్‌లో కలపాల్సిన ఇంజన్ నూనె) కలిపాడో లేదో మీకు తెలీదు. పెట్రోల్ 50కి ఆయిల్ 1 అయితే లీటరుకి 20 మి.లీ., 25కి 1 అని రాసిన మిషన్‌కి 40. చైన్ బ్రేక్ పట్టీ చుట్టూ పీచు తీసేసి బ్రేక్ పడుతోందో లేదో చూడండి, ఇది మర్చిపోవద్దు.

ఇన్నేళ్లకి నాకు తట్టిన చవకైన ఉపాయం ఒకటుంది: అరువు చైన్. సగానికి పైగా అరిగిన పాత చైన్‌ని పారెయ్యకుండా సానపట్టి, నూనె పూసి గోడకి తగిలిస్తాను. ఎవరైనా రంపం అడిగితే నా చైన్ విప్పేసి అది ఎక్కించి ఇస్తాను, పక్కన లీటరు సీసాలో బార్ ఆయిల్, "ట్యాంకు పెట్రోల్ పోసిన ప్రతిసారీ ఇదీ నింపు" అని ఒక మాట. లేదని చెప్పి మొహం చాటెయ్యడం కంటే ఇది నయం, రేపు మనకీ వాళ్ల ట్రాక్టర్ కావాలి కదా.

పోయిన వారం బావ మళ్లీ వచ్చాడు. అరువు చైన్ వేసి, నిండు సీసా ఇచ్చి పంపాను. ఈసారి రెండో రోజే తెచ్చాడు, చైన్ తుడిచి మరీ తెచ్చాడు. సీసా మాత్రం మూత సీలు కూడా తియ్యకుండా తిరిగొచ్చింది, కాబట్టి ఈ ఆదివారం బార్ విప్పి అంచులు చూడాలి.